కథ అందరిది – కృతి కర్తది

కార్తిక అమావాస్య నాడు కారంపూడిలో పల్నాటి వీరారాధనోత్సవాలు ఆరంభమవుతాయి. 12వ శతాబ్దంలో జరిగిన ఆ యుద్ధగాథను వీరవిద్యావంతులు తరతరాలుగా గానం చేస్తున్నారు. బ్రహ్మనాయుని దక్షత, నాగమ్మ నీతిచాతుర్యం, బాలచంద్రుని శౌర్యం వారి నోటనే ఊరూరా నిలిచాయి. ఇంతకూ ఈ కథ ఎవరిది? ఈ ప్రశ్నకు సమాధానం తెలిస్తే కంప్యూటరు ప్రోగ్రాముపై ఉండే నకలు హక్కు స్వరూపం కూడా సులభంగా బోధపడుతుంది.

ఈ గాథను శ్రీనాథుడు ద్విపదలో రచించాడని ప్రసిద్ధి. అక్కిరాజు ఉమాకాంతం 1911లో ఆ కావ్యాన్ని పరిష్కరించి ప్రకటించారు. గూడవల్లి రామబ్రహ్మం ఆరంభించగా ఎల్.వి. ప్రసాద్ పూర్తిచేసిన ‘పల్నాటి యుద్ధం’ చలనచిత్రం 1947లో వెలువడింది. గుత్తా రామినీడు దర్శకత్వంలో అదే పేరుతో 1966లో మరొక చిత్రం వచ్చింది. మూలగాథ ఒక్కటే, కృతులు అనేకం.

చరిత్రకు, ఐతిహ్యానికి యజమాని లేడు. భావంపైన, ఇతివృత్తంపైన, చారిత్రక విషయాలపైన నకలు హక్కు ఉండదని 1978లో ఆర్.జి. ఆనంద్ వ్యాజ్యంలో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. ఆ భావానికి కర్త ఇచ్చిన రూపానికే రక్షణ. కథ అందరిదైనా, గాయకుని గానాన్ని అతని అనుమతి లేకుండా రికార్డు చేసి అమ్ముకోవడం తగదు. 1994లో చేసిన సవరణ ప్రదర్శకులకు ఈ హక్కును ప్రసాదించింది.

భారతదేశపు కాపీరైట్ చట్టం 1957లో రూపొందింది. 1984 సవరణతో కంప్యూటరు ప్రోగ్రాము సాహిత్యకృతుల కోవలో చేరింది. కర్త జీవితకాలం, ఆపైన 60 ఏండ్లు ఆ హక్కు నిలుస్తుంది. ప్రతులు తీయడం, అమ్మడం, అనువదించడం, అనుసరణ చేయడం కర్త అధీనంలోనివే. ఒక కృతిని ఆధారం చేసుకొని పుట్టిన కొత్త కృతిని అమెరికా చట్టం వ్యుత్పన్న కృతి అంటుంది.

మాచర్లకు చెందిన ఒక యువకుడు మిర్చి వ్యాపారుల లెక్కల కోసం ప్రోగ్రాము వ్రాశాడని భావించండి. దానిని ఒక వ్యాపారి కొన్నాడు. పాడైపోతుందన్న భయంతో అతడు అదనపు ప్రతిని దాచుకుంటే దోషం లేదు. చట్టమే అందుకు అంగీకరిస్తుంది. దానినే పది దుకాణాలకు పంచితే నేరం. గురజాలలోని మరొక యువకుడు ఆ ఆలోచనను గ్రహించి, సొంతంగా వేరొక ప్రోగ్రాము వ్రాస్తే తప్పు లేదు. మొదటివాని కోడునే తీసుకొని, కొంత మార్చి, కొత్త పేరుతో అమ్మితే మాత్రం అది అనుమతి లేని అనుసరణ. అక్రమ ప్రతి అని తెలిసి కంప్యూటరులో వాడినవారికి 3 ఏండ్ల వరకు కారాగారశిక్ష, 2 లక్షల రూపాయల వరకు జరిమానా విధించవచ్చు.

వెల చెల్లించలేని పేద విద్యార్థి గతి ఏమిటి? ఈ ప్రశ్న న్యాయమైనదే. దీనికి కొందరు కర్తలే సమాధానం చూపారు. రిచర్డ్ స్టాల్‌మన్ 1989లో వెలువరించిన జి.పి.ఎల్. అనే లైసెన్సు వాడుకొనే, నకలు తీసుకొనే, మార్చుకొనే స్వేచ్ఛను అందరికీ ఇస్తుంది. నియమం ఒక్కటే: మార్చిన ప్రోగ్రామును ఇతరులకు పంచేవారు మూలకోడును, అదే స్వేచ్ఛను వారికీ అందించాలి. తిరుమల కృష్ణ దేశికాచార్యులు రూపొందించిన పోతన, వేమన ఫాంట్లు ఈ విధంగానే తెలుగువారికి అందాయి. హైదరాబాదులోని స్వేచ్ఛ సంస్థ డెబియన్ ఆధారంగా తెలుగు ఆపరేటింగ్ సిస్టమ్‌ను నిర్మించింది. అది కూడా వ్యుత్పన్న కృతే. కాని కర్తల అనుమతితో పుట్టినది.

దొంగిలించిన ప్రతి ఒక అవసరాన్ని తీర్చవచ్చు. కాని రేపటి కర్తకు దక్కవలసిన ఫలాన్ని హరిస్తుంది. నేడు నకలు తీసే విద్యార్థే రేపు ప్రోగ్రాము వ్రాసే కర్త కావచ్చు. తన శ్రమకు కోరుకొనే మన్ననను ఇతరుల శ్రమకూ ఇవ్వడమే ఈ చట్టంలోని ధర్మం.

ప్రశ్నలు
1. భావానికి, రూపానికి గల భేదాన్ని పల్నాటి గాథ ఆధారంగా వివరించండి.
2. గురజాల యువకుడు చేసే పని ఎప్పుడు న్యాయం? ఎప్పుడు నేరం?
3. జి.పి.ఎల్. లైసెన్సులోని నియమాన్ని తెల్పండి.