దిమ్మిస కొట్టిన గోడ: మట్టితో కట్టడం నేర్చుకుందాం

మట్టి ఇల్లు అనగానే మనలో చాలామందికి వానకి కరిగిపోయే గోడలే గుర్తొస్తాయి. కానీ చైనాలోని ఫుజియాన్‌లో మూడు, నాలుగు అంతస్తుల 'తులౌ' ఇళ్లు మట్టితోనే కట్టారు. వాటిలో 46 కట్టడాల్ని 2008లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. స్పెయిన్‌లో అల్హంబ్రా కోట గోడలు, మన లడఖ్‌లో బాస్గో కోట గోడలు కూడా ఈ కోవలోవే. ఈ పద్ధతి పేరు ర్యామ్డ్ ఎర్త్. తెలుగులో దిమ్మిస కొట్టిన గోడ అనొచ్చు. దిమ్మిస అంటే నేల గట్టిపడేలా కొట్టే బరువైన పనిముట్టు.

సీఎస్ఈలో ఉండి గోడల గొడవ ఎందుకు అంటారా? ప్రపంచం విడుదల చేసే కార్బన్ డయాక్సైడ్‌లో సుమారు 7-8 శాతం సిమెంటు తయారీదే. రేపు మనమూ ఇల్లు కట్టుకునేవాళ్లమే కదా!

ముందు ఒక తేడా గుర్తుపెట్టుకోండి. మన ఊళ్లలో మట్టిని నీళ్లతో తడిపి, గడ్డి కలిపి, కాళ్లతో తొక్కి, వరస మీద వరస పెట్టి గోడ లేపేవాళ్లు. అది బురద పని. ఇది దాదాపు పొడి మట్టి పని.

1. మట్టి ఎంపిక

పైన వేళ్లు, ఆకులు ఉన్న మట్టి పనికిరాదు, అది తీసేసి కింది మట్టి తవ్వాలి. అందులో గులకరాళ్లు, ఇసుక, ఒండ్రు, బంకమన్ను అన్నీ ఉండాలి. బంకమన్ను జిగురులాంటిది. సుమారు 10 నుంచి 30 శాతం ఉంటే చాలు. ఎక్కువైతే ఆరాక గోడ పగుళ్లిస్తుంది. అందుకే నల్లరేగడి ఒక్కటే వాడితే కుదరదు. ఎర్రమట్టి, మొరం ఉన్నచోట పని సులువు.

పరీక్ష ఇలా చేయండి. గాజు సీసాలో మూడో వంతు మట్టి, మిగతా నీళ్లు, చిటికెడు ఉప్పు వేసి బాగా కుదిపి వదిలేయండి. నిమిషంలో ఇసుక అడుక్కి చేరుతుంది. తర్వాత ఒండ్రు. బంకమన్ను దిగడానికి ఒక రోజు పట్టొచ్చు. స్కేలుతో పొరలు కొలిస్తే ఉజ్జాయింపు శాతాలు వచ్చేస్తాయి.

2. నీళ్లు

అసలు కిటుకు ఇక్కడే ఉంది. తడిపిన మట్టిని గుప్పిట్లో గట్టిగా నొక్కి ఉండ చేసి, భుజం ఎత్తు నుంచి గట్టి నేల మీద వదలండి. పొడిపొడి అయిపోతే నీళ్లు తక్కువ. చప్పిడిగా అతుక్కుపోతే ఎక్కువ. నాలుగైదు ముక్కలైతే సరిపోయినట్టే.

ఎందుకలా? నీళ్లు తక్కువైతే రేణువులు ఒకదాని మీద ఒకటి జారి సర్దుకోవు. ఎక్కువైతే ఖాళీల్లో నీళ్లే కూర్చుంటాయి, నీళ్లని కొట్టి కుదించలేం. ఈ రెంటి మధ్య మట్టి అత్యంత గట్టిపడే ఒక పాయింట్ ఉంది. 1933లో ప్రాక్టర్ అనే ఇంజినీరు చూపించింది ఇదే. సివిల్ ఫ్రెండ్స్‌ని అడగండి, ల్యాబ్‌లో వాళ్లు గీసే గ్రాఫ్ ఈయన పేరు మీదే ఉంటుంది.

3. సెంట్రింగ్, దిమ్మిస

రెండు వైపులా ప్లైవుడ్ పలకలు పెట్టి బోల్టులతో బిగించాలి. కొట్టేటప్పుడు మట్టి పక్కలకి తోస్తుంది కాబట్టి పలకలు ఉబ్బకూడదు. మధ్యలో 15 సెంటీమీటర్ల మట్టి పోసి, ముందు మూలలు, అంచులు, తర్వాత మధ్యలో కొట్టాలి. అది సుమారు 10 సెంటీమీటర్లకి దిగుతుంది. మొదట మెత్తని చప్పుడు వస్తుంది. బాగా బిగిశాక చప్పుడు మారి ఖంగుమంటుంది. అప్పుడే తర్వాతి పొర. కింది పొర సరిగ్గా బిగియకుండా పైది పోస్తే మళ్లీ సరిచేయడానికి అన్‌డూ లేదు. కాంక్రీటులా రోజులు ఆగక్కర్లేదు, కొట్టడం పూర్తయ్యాక పలకలు వెంటనే తీసేయొచ్చు.

4. వాన, భూకంపం

కింద రాతి పునాది నేల మీదికి ఒక అడుగైనా లేవాలి, పైన చూరు బాగా ముందుకి రావాలి. ఈ గోడ బరువు మోస్తుంది గానీ లాగితే, ఊపితే తట్టుకోలేదు. నిజం ఇల్లయితే స్ట్రక్చరల్ ఇంజినీరు లేకుండా మొదలుపెట్టొద్దు.

5. సిమెంటు కలపాలా?

వానకి భయపడి ఇప్పుడు చాలాచోట్ల 5 నుంచి 10 శాతం సిమెంటు కలుపుతున్నారు. లెక్క వేద్దాం. 30 సెంటీమీటర్ల మందం గోడ, ఒక చదరపు మీటరు అంటే 0.3 ఘనపు మీటర్లు. ఘనపు మీటరుకి సుమారు 2000 కిలోలు అనుకుంటే 600 కిలోల మట్టి. అందులో 8 శాతం అంటే 48 కిలోలు, దాదాపు ఒక బస్తా సిమెంటు! అదే తొమ్మిదంగుళాల ఇటుక గోడకి ప్లాస్టరింగ్ కాకుండా సుమారు 15-20 కిలోలు చాలు. ఇటుక కాల్చడానికి బొగ్గో ఊకో తగలెయ్యాలి, అదీ లెక్కలోకే వస్తుంది. అయినా 'మట్టి గోడ' అన్న పేరు చూసి పర్యావరణానికి మేలు అనుకోకూడదు. ఎంత సిమెంటు అని అడగాలి. మంచి మట్టి, పొడవైన చూరు ఉంటే చాలా గోడలకి అది తగ్గించొచ్చు, కొన్నిటికి అసలు అక్కర్లేదు.

నేర్చుకోవాలనుకుంటే ఆరోవిల్ ఎర్త్ ఇన్‌స్టిట్యూట్ వాళ్లు శిక్షణ ఇస్తారు. అంతకన్నా ముందు క్యాంపస్‌లోనే 15 సెంటీమీటర్ల చెక్క అచ్చు ఒకటి చేయించి, మూడు రకాల తేమతో మూడు దిమ్మెలు కొట్టి ఆరబెట్టండి. సివిల్ ల్యాబ్ మెషీన్‌లో ఏది ఎంత బరువుకి పగిలిందో రాసుకోండి. నీళ్ల పాఠం ఆ మూడు అంకెల్లోనే తెలిసిపోతుంది.