పాత పెన్ ప్లాటర్‌ను నేటి కంప్యూటర్‌తో పనిచేయించడం ఎలా?

పెద్ద ఇంక్‌జెట్ యంత్రాలు రాకముందు, కంప్యూటర్‌లో తయారైన ఇంజినీరింగ్ డ్రాయింగును కాగితం మీదకు తెచ్చిన సాధనాల్లో ముఖ్యమైనది పెన్ ప్లాటర్. ఇది బొమ్మను చుక్కలుగా అచ్చు వేయదు. నిజమైన పెన్నును పట్టుకుని ఒక్కో గీతనూ గీస్తుంది. కళాశాల ల్యాబులోనో, డ్రాయింగ్ ఆఫీసు స్టోరులోనో ఇలాంటిది బయటపడితే యూఎస్‌బీ తీగతో కలిపి చూస్తారు. కంప్యూటర్ దాన్ని గుర్తించదు. వెంటనే యంత్రం పాడైందని తుక్కులో వేస్తారు.

ఈ తీర్పు తొందరపాటు. ఆనాటి ప్లాటర్ అడగకుండా తన పేరు చెప్పుకోదు కాబట్టి ఏ కంప్యూటరూ దాన్ని తనంతట తాను గుర్తించలేదు. రెండింటి మధ్య మూడు ఒప్పందాలు కుదరాలి: తీగ, వేగం, భాష. 1980లలో విరివిగా వాడిన హ్యూలెట్ ప్యాకార్డ్ 7475ఏ ప్లాటరును ఉదాహరణగా తీసుకుని వీటిని చూద్దాం.

ముందు యంత్రం సంగతి

7475ఏ ప్లాటర్ ఏ4, ఏ3 కాగితాలపై ఆరు పెన్నులతో గీస్తుంది. పెన్ను ఒక దిశలో కదులుతుంది. రెండో దిశలో కాగితమే ముందుకూ వెనక్కూ జరుగుతుంది. కాగితాన్ని గరుకు చక్రం, దాని మీది రబ్బరు రోలరు కలిసి పట్టుకుంటాయి. రబ్బరు గట్టిపడితే కాగితం జారి గీతలు తప్పుతాయి కాబట్టి ముందుగా దాన్ని శుభ్రం చేయాలి.

కరెంటు ఇచ్చే ముందు వెనుక ఉన్న వోల్టేజి అమరిక చూడాలి. విదేశం నుంచి వచ్చిన యంత్రం 110 వోల్టులకు పెట్టి ఉండవచ్చు. తర్వాత తీగ కలపకుండానే, మాన్యువల్‌లో చెప్పిన బటన్లు నొక్కి స్వీయ పరీక్ష చేయించాలి. అందులో గీతలు సరిగా పడితే మోటార్లు, లోపలి సర్క్యూట్లు బాగున్నట్టే. ఇక వెతకాల్సింది బయటే.

తీగ

7475ఏ రెండు రకాల కనెక్టర్లతో వచ్చింది. 25 పిన్నులది ఆర్‌ఎస్-232 సీరియల్ పోర్టు. 24 పిన్నులది హెచ్‌పీ-ఐబీ, దానికి వేరే అడాప్టర్ కావాలి. సీరియల్ రకానికి యూఎస్‌బీ–ఆర్‌ఎస్-232 అడాప్టర్ సరిపోతుంది. మైక్రోకంట్రోలర్లకు వాడే 3.3 లేదా 5 వోల్టుల మాడ్యూల్‌ను మాత్రం నేరుగా కలపకూడదు. ఆర్‌ఎస్-232 వోల్టేజి అంతకన్నా ఎక్కువ, పైగా రుణాత్మకంగా కూడా ఉంటుంది. మాడ్యూల్ కాలిపోవచ్చు.

కంప్యూటర్ వైపు 9 పిన్నుల కనెక్టర్ ఉంటే నాలుగు తీగలు చాలు. కంప్యూటర్ 2వ పిన్ను ప్లాటర్ 2కు, 3వది 3కు, 5వది 7కు, 8వది 20కి కలపాలి. మొదటి రెండూ సమాచారానికి, మూడోది గ్రౌండుకు. నాలుగోదాని పని తర్వాతి భాగంలో తెలుస్తుంది.

వేగం

వెనుక ఉన్న చిన్న స్విచ్‌లతో బాడ్ రేటు, ప్యారిటీ, కాగితం సైజు ఎంచుకోవాలి. సెకనుకు 9600 బిట్లు, 8 డేటా బిట్లు, ప్యారిటీ లేకుండా, 1 స్టాప్ బిట్ అన్న అమరిక రెండు వైపులా ఒకేలా ఉండాలి. స్విచ్ మార్చాక ప్లాటరును ఆపి మళ్లీ వెలిగించాలి.

అసలు చిక్కు ఇక్కడే వస్తుంది. ఒక్కో అక్షరానికి స్టార్ట్, స్టాప్ బిట్లతో కలిపి 10 బిట్లు కావాలి. అంటే సెకనుకు 960 అక్షరాలు చేరతాయి. ఒక ఆదేశానికి 12 అక్షరాలు అనుకుంటే సెకనుకు 80 ఆదేశాలు. పెన్ను గరిష్ఠ వేగం సెకనుకు సుమారు 38 సెంటీమీటర్లే. పైగా ప్రతి గీతకూ అది లేవాలి, జరగాలి, దిగాలి. ప్లాటర్ జ్ఞాపకశక్తి 1024 అక్షరాలు. పెన్ను వెనకబడితే అది క్షణాల్లో నిండిపోతుంది.

నిండినప్పుడు ప్లాటర్ తన 20వ పిన్ను ద్వారా ‘ఆగు’ అని చెబుతుంది. ఖాళీ అయ్యాక ‘పంపు’ అంటుంది. ఆ తీగ లేకపోయినా, ఫైలు పంపే ప్రోగ్రాములో హార్డ్‌వేర్ ఫ్లో కంట్రోల్ ఆన్ చేయకపోయినా కొన్ని అక్షరాలు రాలిపోతాయి. 1200 అన్న సంఖ్యలో ఒక సున్నా పోతే పెన్ను 120 దగ్గరకు వెళుతుంది. బొమ్మ సగం బాగా వచ్చి, తర్వాత అడ్డదిడ్డంగా గీతలు పడటానికి ఎక్కువగా కారణం ఇదే.

భాష

7475ఏ భాష పేరు హెచ్‌పీ-జీఎల్. ఇందులో ఆదేశాలు రెండేసి ఆంగ్ల అక్షరాలు. ‘ఐఎన్’ అంటే మొదటి స్థితికి రా, ‘ఎస్‌పీ 1’ అంటే మొదటి పెన్ను తీసుకో, ‘పీయూ’ అంటే పెన్ను పైకి, ‘పీడీ’ అంటే కిందికి, ‘పీఏ’ అంటే ఈ బిందువుకు వెళ్లు. ఒక యూనిట్ సుమారు 0.025 మిల్లీమీటరు, అంటే మిల్లీమీటరుకు 40 యూనిట్లు.

దీనితో చక్కని పరీక్ష చేయవచ్చు. పెన్ను ఎత్తి 1000, 1000 బిందువుకు పంపి, దించి, 5000, 1000 వరకు గీయించాలి. 4000 యూనిట్లు కాబట్టి గీత 10 సెంటీమీటర్లు ఉండాలి. స్కేలుతో కొలిచి, తేడా ఉంటే ఆ నిష్పత్తిలో సాఫ్ట్‌వేర్ స్కేలును సరిచేయాలి.

డ్రాఫ్టింగ్ సాఫ్ట్‌వేర్

ఆటోక్యాడ్‌లో హెచ్‌పీ-జీఎల్ ప్లాటరును చేర్చి, ముందు ఫైలుగా దాచి, ఆ ఫైలును పోర్టుకు పంపడం సులువు. తర్వాత వచ్చిన హెచ్‌పీ-జీఎల్/2ను ఎంచుకోకూడదు. అందులోని కొన్ని ఆదేశాలు ఈ యంత్రానికి అర్థం కావు. ఉచితంగా దొరికే ఇంక్‌స్కేప్ కూడా హెచ్‌పీ-జీఎల్ ఫైలు ఇస్తుంది. అందులో అక్షరాలను ముందుగా పాత్‌లుగా మార్చాలి.

గీత మందాన్ని తెరపై అంకె కాదు, పెన్ను మొన నిర్ణయిస్తుంది. అందుకే ఏ రంగుకు ఏ పెన్నో ముందే కేటాయించాలి. అక్షరాల విషయంలోనూ జాగ్రత్త అవసరం. మామూలు ఫాంటులో ప్రతి అక్షరం అంచుల చుట్టూ గీత పడి బోలుగా కనిపిస్తుంది. ఆటోక్యాడ్‌లోని ఒంటిగీత ఎస్‌హెచ్‌ఎక్స్ ఫాంటులు ప్లాటరుకు సరిపోతాయి. ప్లాటర్ లోపలి అక్షరాల పట్టికలో తెలుగు లేదు కాబట్టి తెలుగు పేర్లను గీతలుగా మార్చే పంపాలి.

లోపం ఎక్కడ?

అసలేమీ కదలకుండా ఎర్రర్ దీపం వెలిగితే బాడ్ రేటు, ప్యారిటీ చూడాలి. చిన్న బొమ్మ సరిగా వచ్చి పెద్దది చెడిపోతే ‘ఆగు’ తీగను, ఫ్లో కంట్రోల్‌ను చూడాలి. ఆకారం సరిగా ఉండి కొలత తప్పితే స్కేలు చూడాలి. పెన్ను కదిలినా గీత పడకపోతే మొన ఎండిపోయిందో, ఎత్తు సరిపోలేదో తేల్చుకోవాలి. నేటి సన్న పెన్నులను అడాప్టరుతో బిగించి వాడవచ్చు. సిరా అందుకోలేకపోతే ‘వీఎస్’ ఆదేశంతో పెన్ను వేగం తగ్గించాలి.

ఈ నాలుగు పరీక్షలకు అయ్యే ఖర్చు ఒక తీగ, ఒక అడాప్టర్, కొద్దిగా ఓపిక. కంప్యూటర్ గుర్తించలేదన్న ఒక్క కారణంతో ప్లాటరును తుక్కుకు పంపే ముందు ఇవి చేసి చూడటం మేలు. యంత్రం బతికితే వ్యర్థం తగ్గుతుంది. కంప్యూటర్ పంపే అక్షరం కాగితంపై గీతగా ఎలా మారుతుందో విద్యార్థులు కళ్లారా చూస్తారు.