జనం తోడు, వేగం నీది

చిరంజీవి చిన్నాకి,


ఆగస్టులో జరిగే హైదరాబాద్ మారథాన్‌కి పేరిచ్చావని, ఈసారి హాఫ్ కాదు ఫుల్లేనని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. ఆవిడ గొంతులో భయం, నీ మెసేజ్‌లో హుషారు. రెండింటికీ కలిపి ఒకటే జవాబు రాద్దామనిపించింది. నువ్వడిగిన బూట్లు, జెల్స్ సంగతి చెప్పడానికి మీ రన్నింగ్ గ్రూపులో నాకంటే తెలిసినవాళ్లు బోలెడుమంది. నేను చెప్పేది ఒక్క ముక్క. పెద్ద ఊళ్లో మారథాన్ పరిగెత్తేటప్పుడు జనం తోడు తీసుకో, వేగం మాత్రం వాళ్ల దగ్గర తీసుకోకు. 42.195 కిలోమీటర్లలో మొదటి ముప్పై నీ నిగ్రహానికి పరీక్ష, మిగతా పన్నెండు నీ కాళ్లకి. మొదటి పరీక్ష తప్పినవాడికి రెండోది రాసే ఓపిక మిగలదు. పెద్దవాళ్లు అలవాటుగా అనే 'నిదానంగా వెళ్లు నాన్నా' బాపతు మాట కాదిది. దీని వెనక లెక్కలున్నాయి. వాటిని నీ ముందు పెడతాను, నచ్చకపోతే కాదను.

మారథాన్ పరిగెత్తి వచ్చినవాళ్లు చెప్పే అనుభవాలు విను. న్యూయార్క్ అయినా, ముంబయి అయినా, మన హైదరాబాద్ అయినా కథ దాదాపు ఒకేలా నడుస్తుంది. తెల్లవారకముందే లైట్లు, మైకులో పాటలు, చుట్టూ వేలమంది. మొదటి పది కిలోమీటర్లు ఎలా గడిచాయో తెలియలేదంటారు. హాఫ్ దాటేటప్పటికి అనుకున్న టైం కంటే ముందే ఉన్నామని సంతోషపడ్డామంటారు. ముప్పై దాటాక తొడలు బిగుసుకుపోయి, మైలురాయి మైలురాయికీ మధ్య దూరం సాగిపోయిందంటారు. ఈ దశనే వాళ్లు 'వాల్' అంటారు. ఆరు నెలలు సాధన చేసినవాడూ, రెండు నెలలు చేసినవాడూ ఇదే కథ చెబుతున్నారంటే కారణం సాధన ఒక్కదాంట్లోనే లేదన్నమాట. ఇద్దరికీ ఉమ్మడిగా ఉన్నది ఆ తొందరపాటు మొదలు. పైగా పోటీకి ముందు రెండు మూడు వారాలు పరుగు తగ్గించి కాళ్లకి విశ్రాంతి ఇస్తారు కదా, మీ భాషలో టేపర్. విశ్రాంతి తీసుకున్న కాళ్లకి సరైన వేగం కూడా మరీ మెల్లగా ఉన్నట్టే అనిపిస్తుంది. దానికి జనం కేకలు తోడైతే, ఆ హుషారంతా మన సొంత బలమే అనుకుంటాం. అది చేబదులు. ముప్పయ్యో కిలోమీటరు దగ్గర వసూలుకొస్తుంది.

వసూలు ఎందుకు అక్కడే అంటే, ఒంట్లో ఉన్న నిల్వ అంత. పరిగెత్తే మనిషి కిలో బరువుకి, కిలోమీటరుకి సుమారు ఒక కేలరీ ఖర్చుపెడతాడు. నీ బరువు 70 కిలోలనుకో, మొత్తం దూరానికి మూడు వేల కేలరీలకి కాస్త తక్కువ. కండరాలూ కాలేయమూ కలిసి గ్లైకోజెన్ రూపంలో దాచుకునే పిండిపదార్థం మామూలుగా రెండు వేల కేలరీల దగ్గర ఆగిపోతుంది. మిగతాది కొవ్వు నుంచి రావాలి, దారిలో తీసుకునే జెల్స్ కొంత సర్దాలి. ఒంట్లో కొవ్వుకి ఎవరికీ కొదవలేదు. కానీ అది నెమ్మదిగా కరుగుతుంది. వేగం పెంచినకొద్దీ శరీరం కొవ్వుని పక్కనబెట్టి గ్లైకోజెన్‌నే ఎక్కువగా వాడుకుంటుంది. అందువల్ల మొదటి పదిహేను కిలోమీటర్లలో కిలోమీటరుకి ఇరవై ముప్పై సెకన్లు తొందరపడితే నువ్వు సంపాదించింది కొద్ది నిమిషాలు, పోగొట్టుకున్నది చివర్లో మళ్లీ దొరకని ఇంధనం. ఎంత మనోబలం ఉన్నా ఖాళీ అయిన కండరంలో గ్లైకోజెన్ పుట్టదు.

ఇది నా ఊహ అనుకోకు. అమెరికాలో 14 మారథాన్లలో సుమారు 92 వేలమంది పరుగు లెక్కలు పరిశీలించిన అధ్యయనం ఒకటి 2015లో వచ్చింది. మొదటి సగంతో పోలిస్తే రెండో సగంలో మగవాళ్లు సగటున 15.6 శాతం నెమ్మదించారు, ఆడవాళ్లు 11.7 శాతం. అంటే మొదటి సగం రెండు గంటల్లో ముగించిన మగవాడికి రెండో సగం రెండు గంటల పద్దెనిమిది నిమిషాల పైన పట్టిందన్నమాట. ఈ తేడాకి పరిశోధకులు రెండు వైపుల నుంచి కారణాలు చూపారు. ఆడవాళ్ల శరీరం కొవ్వుని కాస్త ఎక్కువగా వాడుకోవడం ఒకటి, మగవాళ్లు తమ సత్తాని ఎక్కువగా అంచనా వేసుకుని తొందరపడటం రెండోది. మొదటిది నీ చేతిలో లేదు. రెండోది పూర్తిగా నీ చేతిలోనే ఉంది. అనుభవం ఉన్నవాళ్లు తక్కువ నెమ్మదించారని కూడా అదే అధ్యయనం చెప్పింది. అంటే ఇది నేర్చుకోగలిగిన విద్యే.

దీనికి నువ్వొక అభ్యంతరం చెబుతావు. 'కాళ్లలో సత్తువ ఉన్నప్పుడే నాలుగు నిమిషాలు వెనకేసుకుంటే, చివర్లో నెమ్మదించినా సరిపోతుంది కదా?' అని. చాలామంది అనుకునేది ఇదే, పైకి సబబుగానే ఉంటుంది. గొప్ప పరుగువీరులు ఏం చేశారో చూడు. 2023లో షికాగోలో కెల్విన్ కిప్టమ్ 2:00:35 తో ప్రపంచ రికార్డు పెట్టినప్పుడు మొదటి సగానికి 60 నిమిషాల 48 సెకన్లు, రెండో సగానికి 59 నిమిషాల 47 సెకన్లు తీసుకున్నాడు. రెండో సగమే వేగం. దానికి ఎదురు ఉదాహరణ కూడా దాచను. అంతకుముందు ఏడాది బెర్లిన్‌లో ఎలియుడ్ కిప్చోగె మొదటి సగం 59:51 లో వేగంగా వెళ్లి, రెండో సగం 61:18 లో నెమ్మదించి, అయినా 2:01:09 తో అప్పటి ప్రపంచ రికార్డు సాధించాడు. కానీ ఆయన నెమ్మదించింది 87 సెకన్లు, రెండున్నర శాతం కూడా కాదు. ప్రపంచంలో అందరికన్నా బాగా సాధన చేసిన శరీరం, ఏళ్ల అనుభవం ఉండి చేసిన సాహసానికి అంత మూల్యం. మామూలు మనిషి చెల్లించేది పదిహేను శాతం. వెనకేసుకున్న నాలుగు నిమిషాలకి బదులు పద్దెనిమిది నిమిషాలు కట్టే బేరం ఎవరికీ గిట్టుబాటు కాదు.

'మరి లక్ష్యం లేకుండా పరిగెత్తమంటావా? నాలుగు గంటల లోపు అనే పట్టుదలే కదా నన్ను పొద్దున్నే లేపుతోంది' అంటావు. ఆ మాటలో నిజముంది. దాదాపు కోటి మారథాన్ ఫలితాలని పరిశీలించి 2017లో నలుగురు పరిశోధకులు ఒక విషయం చూపించారు. మూడు గంటలు, నాలుగు గంటలు వంటి గుండ్రటి అంకెలకి ఒక్క నిమిషం ముందు గుంపులు గుంపులుగా ముగింపు గీత దాటతారు, ఒక్క నిమిషం తర్వాత వచ్చేవాళ్లు గణనీయంగా తక్కువ. అంకె మనిషిని తోస్తుందన్నమాట. అయితే ఆ తోపు పనికొచ్చేది గీత కనిపించే దూరంలో ఉన్నప్పుడు, చివరి రెండు మూడు కిలోమీటర్లలో. అదే అంకె మొదటి కిలోమీటరు నుంచే చేతి గడియారంలో కూర్చుని నిన్ను తరిమితే చేటు చేస్తుంది. పైగా నాలుగు గంటలనే అంకె ఎక్కడిది? చల్లటి గాలిలో, చదునైన బెర్లిన్ వీధుల్లో నాలుగు గంటలు వేరు. హుస్సేన్ సాగర్ ఒడ్డున బయల్దేరి, ఫ్లైఓవర్లు ఎక్కుతూ దిగుతూ, గుట్టల మీద కట్టిన ఊరి ఎత్తుపల్లాల మీదుగా గచ్చిబౌలి స్టేడియానికి చేరే నాలుగు గంటలు వేరు. ఇంటర్నెట్‌లో దొరికే పేస్ చార్టుకి జూబ్లీహిల్స్ ఎత్తు తెలియదు. నీ అంకెని నీ లాంగ్ రన్లు చెప్పాలి. అవి కూడా హైదరాబాద్ రోడ్ల మీద, ఈ వానాకాలపు ఉక్కలో చేసినవి.

ఉక్క సంగతి విడిగా చెప్పాలి. 2007 అక్టోబరులో షికాగో మారథాన్ రోజున ఎండ 31 డిగ్రీలకి చేరింది. నిర్వాహకులు పోటీని మధ్యలోనే ఆపేశారు. మే నెలలో 44 డిగ్రీలు చూసే మనకి 31 అంటే నవ్వొస్తుంది. కానీ నీడలో కూర్చున్నవాడి 31 వేరు, గంటల తరబడి కండరాలతో వేడి పుట్టిస్తున్నవాడి 31 వేరు. చెమట పట్టడం వల్ల ఒళ్లు చల్లబడదు, చెమట ఆరడం వల్ల చల్లబడుతుంది. ఆగస్టు గాలిలో తేమ నిండుగా ఉంటుంది కాబట్టి చెమట కారిపోతుందే గానీ ఆరదు. అప్పుడు గుండె కాళ్లకి పంపాల్సిన రక్తంలో కొంత చర్మానికి మళ్లిస్తుంది. అదే వేగానికి గుండె ఎక్కువసార్లు కొట్టుకోవాల్సొస్తుంది. కాబట్టి పోటీ రోజు వాతావరణం చూసి అంకె మార్చుకోవడం పిరికితనం కాదు, లెక్క తెలిసినవాడు చేసే పని. పక్కవాడు మార్చుకోలేదని నువ్వు మానుకోకు.

జనాన్ని చూసి చేసే మరో పొరపాటు నీళ్ల దగ్గర. ప్రతి రెండు మూడు కిలోమీటర్లకీ వాలంటీర్లు ప్రేమగా కప్పులు అందిస్తారు. ముందువాడు అందుకున్నాడని మనమూ అందుకుంటాం. 2002 బోస్టన్ మారథాన్‌లో గీత దాటిన 488 మంది రక్తం పరీక్షిస్తే 13 శాతం మందిలో సోడియం ఉండాల్సినదాని కంటే తక్కువగా ఉంది, ముగ్గురిలో ప్రమాదకరమైన స్థాయికి పడిపోయింది. పరుగు ముగిసేసరికి బరువు పెరిగినవాళ్లకీ, నాలుగు గంటల పైన పట్టినవాళ్లకీ ఈ ముప్పు ఎక్కువ. అంటే చెమటలో పోయినదాని కంటే ఎక్కువ తాగేశారు, నెత్తురు పలచబడింది. 'ఉక్కలో నీళ్లు తాగొద్దంటావా పెద్దమ్మా?' అనకు. దాహమైనప్పుడు తాగు, దాహం లేనప్పుడు మర్యాద కోసం తాగకు. ఇప్పటి నుంచి లాంగ్ రన్‌కి ముందూ వెనకా బరువు చూసుకుంటే నీ ఒంటికి గంటకి ఎంత కావాలో తెలిసిపోతుంది. తిరిగొచ్చాక బరువు పెరిగి ఉంటే ఎక్కువ తాగినట్టే.

ఇక మీ అమ్మ భయం. 'మొన్నెవరో పరుగులో గుండె ఆగి పోయారట' అని ఆవిడ అంటే కొట్టిపారెయ్యకు. ఇలా చెప్పు. అమెరికాలో 2000 నుంచి 2010 దాకా మారథాన్లు, హాఫ్ మారథాన్లలో పాల్గొన్న కోటీ తొమ్మిది లక్షలమందిలో పరుగు సందర్భంగా గుండె ఆగినవాళ్లు 59 మంది, వాళ్లలో 42 మంది దక్కలేదు. ముప్పు చాలా తక్కువ. అయితే ఆ తక్కువలోనూ హాఫ్ కంటే ఫుల్లులో, ఆడవాళ్ల కంటే మగవాళ్లలో ఎక్కువ. చాలామందికి ముందే గుండెలో లోపం ఉంది, తెలియలేదంతే. మన దగ్గర చిన్న వయసులోనే షుగరూ, గుండెజబ్బూ కనిపిస్తున్నాయి కనక ఆ లెక్కని మనకి యథాతథంగా అన్వయించుకోవడానికి నేను జంకుతాను. డాక్టర్ దగ్గరికి వెళ్లి, ఇంట్లో ఎవరికి ఏ జబ్బుందో చెప్పి, ఆయన చెయ్యమన్న పరీక్షలు చేయించుకో. అప్పుడు మీ అమ్మకి ధైర్యం చెప్పే హక్కు నీకుంటుంది. పరుగులో ఛాతీలో నొప్పి, కళ్లు తిరగడం, ఒళ్లు వణకడం, మాట తడబడటం, వీటిలో ఏది వచ్చినా ఆగిపో, వాలంటీర్‌ని పిలువు. మెడల్ వచ్చే ఏడాదీ ఇస్తారు.

'ఇన్ని జాగ్రత్తలు చెప్పి జనాన్ని నమ్మొద్దంటే, డబ్బు కట్టి ఆ జాతరలోకి వెళ్లడం దేనికి? ఒంటరిగా పరిగెత్తుకోవచ్చుగా?' అన్నదే అన్నిటికన్నా గట్టి ప్రశ్న. దీనికి న్యూయార్క్ చరిత్ర మంచి జవాబు. 1970లో మొదటిసారి సెంట్రల్ పార్క్ చుట్టూ తిరిగిన పరుగులో 127 మంది పేరిస్తే పూర్తి చేసినవాళ్లు 55 మందే. 1976లో దాన్ని పార్కులోంచి తీసి నగరం అయిదు భాగాల మీదుగా నడిపించారు. వీధుల వెంట జనం నిలబడ్డారు, పరుగు ఊరి పండగైంది, ఇప్పుడు వేలమంది గీత దాటుతున్నారు. జనం నిజంగానే మనిషిని నడిపిస్తారు, అందులో అనుమానం లేదు. అయితే వాళ్ల అవసరం నీకు ఉండేది ముప్పై తర్వాత, గ్లైకోజెన్ అడుగంటి, ఎందుకొచ్చిన గొడవ అనిపించేచోట. పేరు చదివి కేకేసే కుర్రాడు, అరటిపండు ముక్క చేతిలో పెట్టే ఇల్లాలు అక్కడ పనికొస్తారు. మొదట్లోనే వాళ్ల హుషారంతా వాడేసుకున్నవాడికి, అవసరమైనచోట ఎన్ని చప్పట్లు వినిపించినా కాళ్లు కదలవు.

కాబట్టి ఇలా చెయ్యి. బిబ్‌లోని చిప్ నువ్వు మొదటి గీత దాటినప్పటి నుంచే టైం లెక్కపెడుతుంది కనక ముందు వరుసలోకి తోసుకోకు. మొదటి అయిదు కిలోమీటర్లు అనుకున్న వేగం కంటే కాస్త తక్కువలోనే వెళ్లు. ఎంతమంది దాటిపోయినా పోనీ. హాఫ్ దాకా పక్కవాడితో పూర్తి వాక్యం మాట్లాడగలిగేలా ఉండు. ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు గడియారం చూడకు, శ్వాసని బట్టి వెళ్లు, అవసరమైతే నడువు. పేసర్ వెంట వెళ్లాలనుకుంటే నీ అంకె కంటే నెమ్మదైనవాడిని ఎంచుకో, ముప్పై తర్వాత ఓపికుంటే అతన్ని దాటిపోవచ్చు. అయిపోయాక ముందు మీ అమ్మకి, తర్వాత నాకు ఫోన్ చెయ్యి. మొత్తం ఎంత టైం పట్టిందని నేను అడగను. రెండు సగాలూ విడివిడిగా చెప్పు. వాటి మధ్య తేడా పది నిమిషాల లోపుంటే, గడియారం ఏమన్నా సరే, నువ్వు బాగా పరిగెత్తినట్టే.

ఆశీస్సులతో,
మీ పెద్దమ్మ