డుండుభం అడిగిన ప్రశ్న

నన్నయ భట్టారకుడు తెనిగించిన ఆదిపర్వంలో రురుని ఉపాఖ్యానం ఒకటి ఉంది. పాముకాటుకు గురై మరణించిన ప్రమద్వరను, రురుడు తన ఆయుష్షులో సగం ధారపోసి బ్రతికించుకొన్నాడు. ప్రియురాలు దక్కినా అతని కోపం చల్లారలేదు. సర్పజాతి మొత్తంపై పగబూని, కనిపించిన పామునెల్లా దండంతో కొట్టి చంపసాగాడు. ఒకనాడు అడవిలో డుండుభమనే విషం లేని పాముపై కర్ర ఎత్తాడు. తాను అతనికి ఏ అపకారమూ చేయలేదని, కాటువేసే పాములు వేరని చెప్పి, తన్నెందుకు చంపబూనావని ఆ పాము ప్రశ్నించింది. ఆ ప్రశ్న రురునికే పరిమితం కాదు. తెలియక భయపడి, భయపడి చంపే మానవులందరికీ అది వర్తిస్తుంది. డుండుభం వలె నిరపరాధి అయిన ఒక సర్పాన్ని గూర్చి ఈ పాఠంలో తెలుసుకొందాం.

దక్షిణ అమెరికా ఖండపు పశ్చిమ భాగంలో ఆండీస్ పర్వతశ్రేణి ఉత్తర దక్షిణాలుగా వ్యాపించి ఉంది. భూమధ్యరేఖపై నెలకొన్న ఈక్వడార్ దేశంలో ఈ పర్వతాల సానువులపై మేఘాలు చెట్ల నడుమ నిలిచి ఉంటాయి. అందుచేత ఆ అడవులను మేఘవనాలంటారు. అక్కడ కొమ్మ కొమ్మకూ నాచు, ఆకు ఆకుకూ నీటి బిందువు. చీకటి పడగానే నత్తలు ఆహారానికై బయలుదేరుతాయి. వాటి వెంటే మరొక జీవి కదులుతుంది. అదే నత్తలను తినే పాము. శాస్త్రజ్ఞులు దీని ప్రజాతికి డిప్సాస్ అని పేరు పెట్టారు. ఈ ప్రజాతి పాములు మెక్సికో మొదలుకొని దక్షిణ అమెరికా వరకు ఉన్నాయి. సన్నని దేహం, మొద్దుబారిన ముక్కు, పెద్ద కళ్లు, నిలువుగా చీలిన కనుపాపలు వీటి లక్షణాలు. చాలా జాతుల పొడవు మీటరుకు లోపే.

ఈ పాము వేటాడే విధానం ఆశ్చర్యకరం. నత్త విడిచివెళ్లిన జిగురు జాడను నాలుకతో పసిగట్టి, కొమ్మల మీదుగా నిశ్శబ్దంగా దానిని చేరుకొంటుంది. నత్త గుల్లను పగులగొట్టదు, మ్రింగదు. క్రింది దవడను గుల్లలోకి చొప్పించి, దాని కుడి ఎడమ భాగాలను ఒకదాని తరువాత ఒకటిగా కదుపుతూ, సన్నని పళ్లతో మెత్తని మాంసాన్ని కొంచెం కొంచెంగా వెలుపలికి లాగుతుంది. బావిలోని చేదను రెండు చేతులతో మార్చి మార్చి లాగినట్లుగా ఈ పని సాగుతుంది. చివరకు ఖాళీ గుల్ల మాత్రమే మిగులుతుంది. ఇంత నేర్పు గల ఈ వేటగాడు మనిషికి ఏ హానీ చేయడు. పట్టుకొన్నా కరవడం అరుదు.

అయినా దీనికి దక్కిన పేరు వింతైనది. కాటుతో తీరని దాహాన్ని కలిగించి చంపుతుందని ప్రాచీన గ్రీకులు, రోమనులు చెప్పుకొన్న ఒక భయంకర సర్పం పేరు డిప్సాస్. లారెంటి అనే శాస్త్రజ్ఞుడు 1768లో ఆ పేరును ఈ సాధుజీవికి ఉంచాడు. పేరుతోపాటు రూపం కూడా దీనికి చేటు తెచ్చింది. ఆపద ఎదురైనప్పుడు ఈ పాము తలను వెడల్పు చేసి, చుట్ట చుట్టుకొని విషసర్పంలా కనిపిస్తుంది. శత్రువును బెదిరించి ప్రాణం కాపాడుకోవడానికి ప్రకృతి దానికిచ్చిన ఉపాయమిది. కాని మనిషి ఎదుట అదే దాని పాలిట మృత్యువవుతున్నది. నిజమైన విషసర్పమని తలచి దానిని చంపేవారున్నారు. భారతకథలోని డుండుభం వృత్తాంతమూ ఇటువంటిదే. అది పూర్వం సహస్రపాదుడనే ముని. గడ్డితో చేసిన పాముతో మిత్రుని భయపెట్టి, అతని శాపంచేత పాముగా మారాడు. లేని విషాన్ని ఉన్నట్లు చూపడమే ఇద్దరికీ ముప్పు తెచ్చింది. అయితే ముని చేసినది పరిహాసం. పాము చేసేది ఆత్మరక్షణ.

మనిషి కర్రకంటె పెద్ద ముప్పు గొడ్డలి. అడవి నరికితే తేమ పోతుంది. తేమ పోతే నత్తలుండవు. నత్తలు లేనిదే ఈ పాము లేదు. 2018లో ఈక్వడార్, పెరూ దేశాల అడవులనుండి నత్తలను తినే పాములలో ఐదు కొత్త జాతులను శాస్త్రజ్ఞులు వెల్లడించారు. వాటికి పేరు పెట్టే హక్కును వేలం వేసి, వచ్చిన ధనంతో అవి నివసించే అడవిలో 72 హెక్టార్ల భూమిని కొని సంరక్షణలోకి తెచ్చారు. ఒకప్పుడు పేరు ఈ జాతికి అపకీర్తి తెచ్చింది. ఇప్పుడు పేరే వాటికి నీడనిచ్చింది.

మన దేశపు ఈశాన్య కొండలలోనూ నత్తలను తినే పాములున్నాయి. అవి వేరొక కుటుంబానికి చెందినా, అదే ఆహారం, అదే రాత్రి సంచారం. మన తెలుగు పల్లెలలో ఎలుకలను తిని పంటను కాపాడే జెర్రిపోతు, చెరువులలోని నీరుకట్టె కూడా విషం లేనివే. అయినా అవి కర్ర దెబ్బలకు బలి అవుతూనే ఉన్నాయి. నాగుపాము, కట్లపాము, రక్తపింజరి వంటివి ప్రాణాంతకమైనవి కనుక ఏ పామునూ తాకరాదు; కాటు పడితే ఆలస్యం చేయక ఆసుపత్రికి వెళ్లాలి. జాగ్రత్త వేరు, పగ వేరు. పామును చూచి ప్రక్కకు తొలగడం వివేకం. వెంటాడి చంపడం అవివేకం. డుండుభం మాట విని రురుడు ఎత్తిన కర్రను దించాడు. మనం దించవలసి ఉంది.

కఠిన పదాలకు అర్థాలు

ఉపాఖ్యానం : పెద్ద కథలో వచ్చే చిన్న కథ
సానువు : కొండ చరియ
ప్రజాతి : దగ్గరి పోలికలు గల జాతుల సమూహం
పరిహాసం : వేళాకోళం

ప్రశ్నలు

1. నత్తలను తినే పాము ఆహారాన్ని సంపాదించుకొనే తీరును వివరించండి.
2. డిప్సాస్ పాముకు, డుండుభానికి గల పోలికలను, భేదాన్ని తెల్పండి.
3. 'జాగ్రత్త వేరు, పగ వేరు' అన్న వాక్యాన్ని సమర్థించండి.