మనసు ఒత్తిడికి వేలి ఒత్తిడి



మనసులో పుట్టిన కలవరం మనసులోనే ఉండిపోదు. అప్పు ఇచ్చినవాడు గుమ్మంలో నిలబడితే గొంతు తడారిపోతుంది. పరీక్షా ఫలితాలు వెలువడే ఉదయం కడుపులో తిప్పుతుంది. అత్తాకోడళ్ళ మధ్య మాటామాటా పెరిగితే తల దిమ్మెక్కుతుంది. ఇవి భ్రమలు కావు. ఒత్తిడికి శరీరం ఎలా స్పందిస్తుందో హాన్స్ సెల్యె అనే శాస్త్రవేత్త 1936లో ప్రచురించిన పరిశోధన తరువాత వైద్యలోకం దీనిని లోతుగా అధ్యయనం చేసింది. కలవరం కలిగినప్పుడు మూత్రపిండాలపై టోపీల్లా ఉండే అడ్రినల్ గ్రంథులు అడ్రినలిన్, కార్టిసాల్ అనే హార్మోన్లను రక్తంలోకి వదులుతాయి. గుండె వేగం పెరుగుతుంది, కండరాలు బిగుసుకుంటాయి, శ్వాస పైపైనే ఆడుతుంది.

పాము ఎదురైతే తప్పించుకోవడానికి ఈ ఏర్పాటు పనికి వస్తుంది. కాని ఇంట్లో జీవిత భాగస్వామి ఎదుట, ఆఫీసులో అధికారి ఎదుట మనం పారిపోలేం, పోట్లాడలేం. బిగిసిన శరీరం బిగిసినట్టే ఉంటుంది. సరిగ్గా ఆ క్షణంలోనే నోటి నుండి అనరాని మాట వస్తుంది, బిడ్డ మీదికి చెయ్యి లేస్తుంది. అటువంటప్పుడు నాలుగైదు నిమిషాల్లో కొంత ఊరట ఇవ్వగల సులభమైన సాధనం ఆక్యుప్రెషర్. దానిని ఎలా చేసుకోవాలో, ఎంతవరకు నమ్మవచ్చో ఈ వారం తెలుసుకుందాం.

ఆక్యుప్రెషర్ అంటే ఏమిటి?

లతీను భాషలో ‘ఆకుస్’ అంటే సూది. చైనా దేశపు సూదుల చికిత్సకు ‘ఆక్యుపంక్చర్’ అనే పేరును విల్లెం టెన్ రైనె అనే డచ్చి వైద్యుడు 1683లో వెలువడిన తన గ్రంథంలో వాడాడు. అవే స్థానాలను సూదులు లేకుండా వేలితో ఒత్తడమే ఆక్యుప్రెషర్. పేరులో సూది ఉంది గాని పనిలో లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో ప్రచురించిన ప్రామాణిక పుస్తకంలో ఇటువంటి స్థానాలు 361 ఉన్నాయి. మనకు ఇప్పుడు మూడు చాలు.

ఎలా చేయాలి?

ముందు కుర్చీలోనో చాప మీదో స్థిమితంగా కూర్చోండి. భుజాలు వదులు చేయండి. నాలుగు అంకెలు లెక్కపెడుతూ ముక్కుతో గాలి పీల్చండి, ఆరు అంకెలు లెక్కపెడుతూ వదలండి. ఒత్తుతున్నంత సేపూ శ్వాస ఇలాగే సాగాలి.

1. కనుబొమల నడుమ: స్త్రీలు బొట్టు పెట్టుకునే చోటు. చూపుడు వేలితో లేదా మధ్య వేలితో ఒక నిమిషం మెల్లగా ఒత్తండి. నొసలు ముడుచుకుపోయి ఆలోచనలు సుడి తిరుగుతున్నప్పుడు ఇది హాయినిస్తుంది.

2. ముంజేతి లోపలి వైపు: అరచెయ్యి పైకి పెట్టండి. మణికట్టు దగ్గరి గీత మీద రెండో చేతి మూడు వేళ్ళు అడ్డంగా ఆనించండి. మోచేతి వైపు ఉన్న వేలు ముగిసే చోట, రెండు స్నాయువుల నడుమ ఈ స్థానం ఉంటుంది. పిడికిలి బిగిస్తే ఆ స్నాయువులు తీగల్లా పైకి తేలతాయి. చైనీయులు దీనిని ‘నెయ్‌గ్వాన్’, అంటే లోపలి ద్వారం అన్నారు. బొటనవేలితో రెండు నిమిషాలు ఒత్తి, రెండో చేతికి కూడా చేయండి. గుండె దడకు, కడుపులో తిప్పుటకు దీనిని వాడతారు.

3. బొటనవేలికి, చూపుడు వేలికి మధ్య: ఆ రెండు వేళ్ళను దగ్గరికి నొక్కితే చేతి వెనుక వైపు కండ ఉబ్బుతుంది. ఆ ఉబ్బు శిఖరమే స్థానం. వేళ్ళను వదులు చేసి, అక్కడ ఒక నిమిషం ఒత్తండి. తలనొప్పికి, దవడ బిగుసుకున్నప్పుడు వాడతారు. గర్భిణీ స్త్రీలు దీనిని ఒత్తకూడదని సంప్రదాయం చెబుతుంది. వారు దీనిని మానుకోవడమే క్షేమం.

ఒత్తుడు గట్టిగా ఉండాలి గాని నొప్పి పుట్టించకూడదు. పుండు, వాపు, ఉబ్బిన సిరలు ఉన్నచోట ఒత్తవద్దు. సంతలో అమ్మే ముళ్ళ చెప్పులూ రోలర్లూ కొననక్కర లేదు. మీ బొటనవేలు మీ దగ్గరే ఉంది.

నిజంగా పని చేస్తుందా?

శరీరంలో ‘చి’ అనే ప్రాణశక్తి నాళాలలో ప్రవహిస్తుందని, అది అడ్డుపడితే జబ్బు వస్తుందని చైనా సంప్రదాయం చెబుతుంది. అటువంటి నాళాలు శరీర నిర్మాణ శాస్త్రానికి కనబడలేదు. అయినా ఫలితమే లేదని కొట్టిపారేయలేం. శస్త్రచికిత్స తరువాత కలిగే వికారం, వాంతులు ముంజేతి స్థానాన్ని ప్రేరేపిస్తే తగ్గుతున్నాయని కాక్రేన్ సంస్థ 2015లో ప్రచురించిన సమీక్ష తేల్చింది. ఆందోళన విషయంలో జరిగినవి ఎక్కువగా చిన్న పరిశోధనలు. వాటిలో కొంత మేలు కనబడింది. కాని అది స్థానం మహిమా, స్పర్శ వలన కలిగిన హాయా, నెమ్మదిగా తీసిన శ్వాస ఫలమా అని విడదీసి చెప్పడం కష్టం. నిదానమైన శ్వాస గుండె వేగాన్ని తగ్గిస్తుందన్నది మాత్రం నిశ్చయం. కనుక దీనిని ఊరటగా స్వీకరించండి, సర్వరోగ నివారిణిగా కాదు.

విశ్వాసులు చేయవచ్చా?

విచారణలలో తరచు వినబడే ప్రశ్న ఇది. తత్త్వశాస్త్రం మనకు నేర్పే మొదటి పని వేరుపరచి చూడడం. వేలితో కండరాన్ని ఒత్తడం ఒక క్రియ. దానికి ప్రాచీనులు ఇచ్చిన వివరణ మరొకటి. ‘నా దగ్గర దివ్యశక్తి ఉంది, నా చెయ్యి తగిలితే చాలు’ అని ఒకరు చెప్పుకోవడం మూడవది. మొదటిదానిలో దోషం లేదు. రెండవదానిని నమ్మనక్కర లేదు. మూడవదాని నుండి తొలగిపోవాలి.

పునీత తోమాస్ అక్వినాస్ తన ‘సుమ్మా’ గ్రంథంలో దుఃఖానికి మందులు చెబుతూ, స్నేహితుల సానుభూతిని, సత్యధ్యానాన్ని పేర్కొని ఊరుకోలేదు. కన్నీళ్ళను, నిద్రను, స్నానాన్ని కూడా చేర్చారు. మనిషి ఆత్మశరీరాల ఏకత్వం గనుక శరీరానికి కలిగిన హాయి ఆత్మకూ అందుతుందని ఆయన గ్రహించారు.

ఊరట కలిగిన తరువాత?

అసలు పాఠం ఇక్కడే ఉంది. వేలి ఒత్తిడి అప్పు తీర్చదు, తాగుడు మాన్పదు, భార్యాభర్తల మధ్య మౌనాన్ని కరిగించదు. అది మనకు ఇచ్చేది కొన్ని నిమిషాల వ్యవధి మాత్రమే. ఆ వ్యవధిలో ఏమి చేస్తామన్నదే ముఖ్యం. గుండె నెమ్మదించాక ‘నాకు కోపం ఎందుకు వచ్చింది? ఎవరితో మాట్లాడాలి? ఎవరి సాయం అడగాలి?’ అని ఆలోచిస్తే ఆ ఒత్తుడు సార్థకం. ఆలోచించకుండా ప్రతి రాత్రీ ఒత్తుకొని పడుకుంటే, కారుతున్న కప్పు కింద గిన్నె పెట్టి, కప్పు బాగుచేయడం మరచినట్టే.

కొన్ని సమయాల్లో ఒత్తుతూ కూర్చోకూడదు. ఛాతీలో నొప్పి పుట్టి చేతికో దవడకో పాకితే, చెమటలు పోస్తే, వెంటనే 108కి ఫోను చేయండి. రక్తపోటు మాత్రలు, మధుమేహం మందులు ఎన్నడూ మానవద్దు. రెండు వారాలకు పైగా నిద్ర లేక, ఆకలి లేక, దేనిమీదా ఆసక్తి లేక ఉన్నవారిని వైద్యుని వద్దకు తీసుకువెళ్ళండి. ‘నేను బ్రతికి ఏమి లాభం?’ అని ఇంట్లో ఎవరైనా అంటే, ముఖ్యంగా పరీక్ష తప్పిన పిల్లలు అంటే, కసరవద్దు, ఒంటరిగా వదలవద్దు. కేంద్ర ప్రభుత్వం 2022లో ప్రారంభించిన టెలిమానస్ సేవకు 14416 నంబరులో రాత్రింబవళ్ళు ఉచితంగా, తెలుగులో మాట్లాడవచ్చు. డాక్టరు దగ్గరికి వెళ్ళడం విశ్వాసలోపం కాదు. వైద్యుని గౌరవించమని సీరా పుత్రుని జ్ఞానగ్రంథం 38వ అధ్యాయం మనకు బోధిస్తోంది గదా!

ఈ వారం అభ్యాసం

ఒక సాయంత్రం ఇంటిల్లిపాదీ కూర్చొని ఈ మూడు స్థానాలు కనుగొనండి. పిల్లలు తాతయ్య చేతిని, నాయనమ్మ చేతిని పట్టుకొని మెల్లగా ఒత్తాలి. ఆ తరువాత ఒక్కొక్కరు ఈ ప్రశ్నకు జవాబు చెప్పండి: ‘ఈ మధ్య నా మనసు మీద ఉన్న భారం ఏమిటి?’ మిగిలినవారు సలహాలు ఇవ్వకుండా వినండి. చాలా ఇళ్ళలో ఎన్నో ఏండ్లుగా ఎవరూ అడగని ప్రశ్న అది.