ఆధార్ వచ్చింది, అడ్మిషన్ దొరికింది... ఇంతకీ పిల్ల ఏ దేశస్థురాలు?

ఉద్యోగం కోసం పదేళ్లు విదేశంలో ఉన్న దంపతులు అక్కడి చట్టం ప్రకారం ఒక ఆడపిల్లను దత్తత తీసుకుని, ఆమెకు నాలుగైదేళ్లు రాగానే నందిగామకో జగ్గయ్యపేటకో తిరిగొచ్చేశారనుకుందాం. పిల్ల ఊళ్లో కలిసిపోవడానికి ఆర్నెల్లు పట్టదు. తెలుగు వచ్చేస్తుంది, నానమ్మ చేతి ముద్ద అలవాటవుతుంది, పెనుగంచిప్రోలు తిరునాళ్లలో గాజులు వేయించుకుంటుంది, బడి వ్యాను ఎక్కుతుంది. చట్టం కూడా ఎక్కడా అడ్డు రాదు. 2009 నాటి విద్యాహక్కు చట్టం ఆరేళ్ల నుంచి పద్నాలుగేళ్ల లోపు పిల్లల్లో ఎవరినీ వయసు ధ్రువపత్రం లేదన్న కారణంతో బడి గుమ్మం నుంచి వెనక్కి పంపకూడదంది. ఆధార్ కావాలంటే పౌరసత్వం అక్కర్లేదు, నివాసం చాలు. ఏడాదిలో 182 రోజులు ఇక్కడుంటే విదేశీయులకైనా ఆ కార్డు ఇస్తారు. ఆధార్ నంబరు పౌరసత్వానికి రుజువు కాదని ఆధార్ చట్టం 9వ సెక్షనే చెబుతోంది. ఆ మాట కార్డు చేతికొచ్చాక చదివేవారు అరుదు. విదేశం నుంచి తెచ్చుకున్న దత్తపుత్రికకు ఉన్న అసలు ఇబ్బంది ఇదే. రోజువారీ బతుకు సాఫీగా సాగిపోతుంది కాబట్టి, కాగితాల్లో ఉన్న లోటు పద్దెనిమిదేళ్లు నిండేదాకా ఎవరికీ కనపడదు. కనపడేసరికి దాన్ని తేలికగా సరిదిద్దుకునే గడువు దాటిపోతుంది.

మనవాళ్లలో చాలామందికి ఒక నమ్మకం ఉంది: తల్లిదండ్రులు భారతీయులు, పిల్ల వాళ్ల పిల్ల, కాబట్టి పిల్లా భారతీయురాలే. ఈ మూడు ముక్కల్లో రెండే నిజం. దత్తత వల్ల బంధుత్వం ఏర్పడుతుంది. జాతీయత దానంతట అది రాదు. 1955 పౌరసత్వ చట్టం జననం వల్ల, వంశం వల్ల, రిజిస్ట్రేషన్ వల్ల, దేశీయీకరణ వల్ల పౌరసత్వం వచ్చే పద్ధతులను విడివిడిగా చెప్పింది. విదేశీ గడ్డ మీద విదేశీ తల్లిదండ్రులకు పుట్టిన పిల్లకు మొదటి రెండు దారులూ ఉండవు. మిగిలింది రిజిస్ట్రేషన్. భారత పౌరుల మైనరు బిడ్డలను పౌరులుగా నమోదు చేసే అవకాశం 5వ సెక్షన్‌లో ఉంది. ఆ వాక్యంలో బరువంతా ‘మైనరు’ అన్న మాట మీదే. పద్దెనిమిది నిండాక ఆ తలుపు మూసుకుంటుంది. ఆ తర్వాత ఆమె తన కాళ్ల మీద తాను దేశీయీకరణకు దరఖాస్తు చేసుకోవాల్సి రావచ్చు. దానికి సాధారణంగా దరఖాస్తుకు ముందు పన్నెండు నెలలు ఏకబిగిన, అంతకు ముందు పద్నాలుగేళ్లలో మొత్తం పదకొండేళ్లు ఇక్కడ ఉన్నట్టు చూపాలి. అమ్మానాన్నలు ఒక్క దరఖాస్తుతో ముగించగలిగిన పనికి పిల్ల ఏళ్ల తరబడి తిరగాల్సి వస్తుంది.

ఇది ఊహించి చెప్పే భయం కాదు. 1982లో కోల్‌కతాలో పుట్టిన ఒక అనాథ శిశువును అమెరికాలోని యూటా రాష్ట్రానికి చెందిన మహిళ పసికందుగా ఉన్నప్పుడే దత్తత తీసుకుంది. పిల్లకు ఎనిమిదేళ్లప్పుడు ఆ తల్లి క్యాన్సర్‌తో చనిపోయింది. పౌరసత్వం సంగతి ఎవరూ పట్టించుకోలేదు. పెద్దయ్యాక ఆమె మీద ఫోర్జరీ కేసు పడింది, శిక్ష పడింది; అప్పుడు బయటపడింది ఆమె అమెరికా పౌరురాలు కాదని. దత్తత పిల్లలకు పౌరసత్వం దానంతట అదే దక్కేలా అమెరికా 2000లో చట్టం చేసింది గానీ, 2001 ఫిబ్రవరి 27 నాటికి పద్దెనిమిది నిండనివారికే అది వర్తించింది. ఆమె కొన్ని నెలల తేడాతో గీత దాటేసింది. తనను వెనక్కి పంపవద్దని ఆమె వేసిన పిటిషన్‌ను 2012లో అక్కడి అప్పీళ్ల కోర్టు తోసిపుచ్చింది. భాష తెలియని, బంధువు లేని దేశానికి ‘స్వదేశం’ పేరుతో పంపేస్తామన్న బెదిరింపు ఆమె తల మీద వేలాడింది. ఆమె చేసిన నేరం వేరు సంగతి. అదే నేరం ఆ తల్లి కడుపున పుట్టిన బిడ్డ చేసి ఉంటే శిక్షతో సరిపోయేది. పెంచిన తల్లి ప్రేమలో లోపం లేదు, దరఖాస్తులోనే లోపం. మన దేశంలో అయితే 2000 నాటి అమెరికా చట్టంలాంటి ఏర్పాటు కూడా లేదు. ఇక్కడ తల్లిదండ్రులు అడిగితేనే, అదీ గడువులోపు అడిగితేనే.

అడగడం ఎక్కడ మొదలవ్వాలంటే, నందిగామ చేరాక కాదు, ఆ దేశంలో ఉండగానే. భారత పౌరులు విదేశీ బిడ్డను దత్తత తీసుకుంటే అక్కడి చట్టం ప్రకారం అన్నీ పూర్తిచేయాలని, అంతర్దేశీయ దత్తతల మీది హేగ్ ఒప్పందం కింద అవసరమైన ఆమోదాలు కేంద్ర దత్తత వనరుల సంస్థ ‘కారా’ ఇస్తుందని, విదేశీ పాస్‌పోర్టుతో వచ్చే పిల్లకు అక్కడి భారత దౌత్య కార్యాలయం పత్రాలు చూసి ఎంట్రీ వీసా ఇస్తుందని మన దత్తత నిబంధనలు చెబుతున్నాయి. సరైన పత్రం లేకుండా టూరిస్టు వీసా మీద పిల్లను తెచ్చేసి ‘తర్వాత చూసుకుందాం’ అనుకున్నవారికి ఆ తర్వాత చూసేదంతా చిక్కులే. దత్తత ఉత్తర్వు, జనన ధ్రువపత్రం రెండింటికీ ఆ దేశంలోనే అపోస్టిల్ ముద్ర వేయించుకోవాలి. అపోస్టిల్ ఒప్పందంలో లేని దేశమైతే మన దౌత్య కార్యాలయం ధ్రువీకరణ కావాలి. విజయవాడలో కూర్చుని వేరే ఖండంలోని కోర్టు గుమస్తా సంతకం సంపాదించడం ఎంత కష్టమో చెప్పక్కర్లేదు. ఇక్కడికి వచ్చాక వీసా గడువు దాటనివ్వకుండా చూసుకుంటూ, కేంద్ర హోంశాఖ పౌరసత్వ పోర్టల్‌లో మైనరు పేరిట రిజిస్ట్రేషన్ దరఖాస్తు పెట్టుకోవాలి. గల్ఫ్‌లో ఉన్నవారికి ఇంకో మాట: ఇస్లామీయ న్యాయంలోని ‘కఫాలా’ సంరక్షణ బాధ్యతే తప్ప దత్తత కాదు. అలాంటి కాగితాన్ని దత్తత ఉత్తర్వు అనుకుని విమానం ఎక్కితే మొదటి మెట్టే తప్పుతుంది.

‘పౌరసత్వం తీసుకుంటే ఆ దేశం పాస్‌పోర్టు పోతుంది కదా, పిల్ల రేపు అక్కడ చదువుకోవాలంటే?’ అన్న ప్రశ్నలో న్యాయం ఉంది. మన చట్టం రెండు పౌరసత్వాలను ఒప్పుకోదు. విదేశీ పాస్‌పోర్టు ఉంచేసి ఓసీఐ (ఓవర్సీస్ సిటిజన్ ఆఫ్ ఇండియా) కార్డు కోసం ప్రయత్నించడమూ ఒక దారే. దానికి పిల్లకు అర్హత ఉందో లేదో బయలుదేరే ముందే దౌత్య కార్యాలయంలో లిఖితపూర్వకంగా తేల్చుకోవాలి. కానీ ఓసీఐ అంటే పౌరసత్వం కాదు, ఓటు లేదు. మన మెట్ట ప్రాంతానికి అంతకంటే ముఖ్యమైన సంగతి భూమి. ఇక్కడ ఆస్తి అంటే మిర్చి, పత్తి పండే పొలమే. కూతురికి పసుపు కుంకుమ కింద ఎకరమో రెండెకరాలో రాసివ్వడం మన ఆనవాయితీ. విదేశంలో నివసించే ఓసీఐ కార్డుదారు ఇక్కడ వ్యవసాయ భూమి కొనడానికి గానీ, దానంగా పుచ్చుకోవడానికి గానీ విదేశీ మారకద్రవ్య నిబంధనలు ఒప్పుకోవు. వారసత్వంగా మాత్రం పొందవచ్చు. అంటే తండ్రి బతికుండగా ప్రేమతో రాసిచ్చే దానపట్టా చెల్లదు, తండ్రి పోయాక వచ్చే వాటా చెల్లుతుంది. విదేశీ పాస్‌పోర్టు ఉంచుకుంటారా, వదులుకుంటారా అన్నది ఆ కుటుంబం ఇష్టం. అయితే ఈ లెక్క తెలిసి తేల్చుకోవడం ఒకటి, ఏమీ తేల్చకుండా పిల్లకు పద్దెనిమిది నిండనివ్వడం మరొకటి.

ఒక్క ఆడపిల్లతో ఆగని కుటుంబాల దగ్గర ఇంకో పొరపాటు తరచుగా జరుగుతుంది. ఇంట్లో ఒక కూతురు ఉండగా, ఆమెకు తోడుగా బంధువుల పిల్లను తెచ్చుకుని, రిజిస్ట్రారు ఆఫీసు దగ్గర దస్తావేజు రాయించి, దత్తత అయిపోయిందనుకుంటారు. 1956 హిందూ దత్తత, మనోవర్తి చట్టం 11వ సెక్షన్ ప్రకారం కూతురుగానీ కొడుకు కూతురుగానీ బతికున్న వ్యక్తి మరో ఆడపిల్లను దత్తత తీసుకోలేరు. అలా తీసుకున్నది మొదటి రోజు నుంచీ చెల్లదు. రిజిస్టరయిన దత్తత పత్రానికి చట్టం ఇచ్చే నమ్మకం, ఎదుటివారు తప్పని రుజువు చేసేదాకానే. ఇలాంటి సందర్భంలో రుజువు చేయడానికి ఇంట్లోని మొదటి కూతురి జనన ధ్రువపత్రం ఒక్కటి చాలు. ఆ పని చేసేది సాధారణంగా బాబాయిలు, వాళ్ల పిల్లలు, అదీ తండ్రి పోయి పొలం పంచుకునే నాడు. రెండో ఆడపిల్లకు సరైన దారి 2015 బాలల న్యాయ చట్టం. దానికి ఈ అడ్డు లేదు, మతంతో పనిలేదు. ముస్లిం, క్రైస్తవ కుటుంబాలకు పూర్తిస్థాయి దత్తత ఇచ్చేదీ ఇదే. దీని కింద ఉత్తర్వు ఇచ్చే అధికారం 2022 సెప్టెంబరు 1 నుంచి కోర్టుల నుంచి కలెక్టర్లకు మారింది. జగ్గయ్యపేట, నందిగామలు 2022 ఏప్రిల్‌లో కృష్ణా నుంచి విడిపోయి ఎన్టీఆర్ జిల్లాలో చేరాయి కాబట్టి, ఫైలు నడిచేది విజయవాడలోనే. ఈ ఉత్తర్వు పొందిన కూతురు అన్ని విషయాల్లోనూ కన్న కూతురితో సమానం, వీలునామా లేని ఆస్తిలో వాటాతో సహా.

ఇక ఎదురు దిశలో జరిగేవి. అమెరికాలో పిల్లల్లేని తమ్ముడికి ఇక్కడి అక్క తన రెండో కూతుర్ని ఇవ్వాలనుకుంటుంది. ‘మా ఇంటి పిల్ల, మా తమ్ముడు, మధ్యలో సర్కారు ఎందుకు?’ అంటారు. సర్కారు ఎందుకంటే, బాలల న్యాయ చట్టం 56వ సెక్షన్ ప్రకారం సరైన ఉత్తర్వు లేకుండా బిడ్డను దత్తతకు విదేశానికి పంపడం, అందుకు ఏర్పాట్లు చేయడం నేరం. మూడేళ్లదాకా జైలు, లేదా లక్ష రూపాయల జరిమానా, లేదా రెండూ. అయినవారికి ఇవ్వడానికి విడిగా దారి ఉంది. ఆ చట్టం లెక్కలో బంధువంటే బాబాయి, పెదనాన్న, మేనత్త, మేనమామ, పిన్ని, పెద్దమ్మ, తాతలు, అమ్మమ్మ, నానమ్మ, అంతవరకే. తల్లికి పెద్దమ్మ కొడుకు వరసకు తమ్ముడే అయినా, పిల్ల అతన్ని మావయ్య అని పిలిచినా, చట్టం దృష్టిలో బంధువు కాడు. హిందూ చట్టం కింద దస్తావేజుతో ఇచ్చి విదేశం పంపాలన్నా 2021 సెప్టెంబరు నుంచి కారా నిరభ్యంతర పత్రం తీసుకునే పద్ధతి వచ్చింది. అమెరికా కూడా 2008 ఏప్రిల్ 1 నుంచి హేగ్ ఒప్పందాన్ని పాటిస్తోంది. ముందు ఇక్కడ దస్తావేజు రాసేసుకుని తర్వాత వీసాకు వెళితే, వరస తప్పిందన్న కారణంతోనే పని ఆగిపోవచ్చు. అప్పుడు పిల్ల అటు అమెరికాలోనూ లేక, ఇటు కాగితం మీద కన్నవారికీ కాక మిగులుతుంది.

ఇన్ని తనిఖీలు అనాథ పిల్లలకు ఇల్లు దొరక్కుండా చేస్తున్నాయని, ఏళ్లకేళ్లు వరసలో నిలబెడుతున్నాయని విమర్శ ఉంది. ఆలస్యం గురించిన ఆ విమర్శ నిజమే, దాన్ని తోసెయ్యలేం. కానీ ఈ తనిఖీలు ఎందుకు వచ్చాయో తెలుగువాళ్లం మర్చిపోకూడదు. 1984లో లక్ష్మీకాంత్ పాండే కేసులో సుప్రీంకోర్టు అంతర్దేశీయ దత్తతలకు నియమాలు పెట్టింది. అవి ఉండగానే, 1999లోనూ 2001లోనూ మన ఉమ్మడి రాష్ట్రంలో హైదరాబాదు, తాండూరు శిశు గృహాల మీద దాడులు జరిగాయి. నల్లగొండ జిల్లా తండాల్లోని లంబాడీ తల్లుల నుంచి కొద్దిపాటి సొమ్ముకు కొన్న ఆడశిశువులు, వాళ్లకు తగ్గట్టు పుట్టించిన అంగీకార పత్రాలు, విదేశీ దంపతులు కట్టే పెద్ద మొత్తాలు బయటపడ్డాయి. ఆ పిల్లల్ని తీసుకున్న విదేశీ తల్లిదండ్రుల్లో చాలామందికి దొంగ పత్రం సంగతి తెలియదు. వాళ్లూ పిల్లల్ని ప్రేమగానే పెంచి ఉంటారు. కానీ కొన్నాళ్లకు ‘నన్ను కన్నతల్లి ఎవరు, నిజంగా ఇచ్చిందా, అమ్మారా’ అని అడిగే కూతురికి చూపించడానికి నిఖార్సైన కాగితం ఉండదు. బిడ్డను వదులుకునే తల్లి బాలల సంక్షేమ సమితి ముందే సంతకం చేయాలని, మనసు మార్చుకోవడానికి రెండు నెలల గడువు ఉండాలని నేటి చట్టం పెట్టిన నియమాల వెనక ఆ తండాల కథ ఉంది. ఆలస్యం తగ్గించమని అడుగుదాం, తనిఖీ తగ్గించమని కాదు.

2016 డిసెంబరులో పాస్‌పోర్టు నిబంధనలు సడలించినప్పుడు, దేశంలో దత్తత తీసుకున్న పిల్లకు రిజిస్టరయిన దత్తత పత్రం తప్పనిసరి కాదని, లేకపోతే తెల్లకాగితం మీద ధ్రువీకరణ చాలని విదేశాంగ శాఖ చెప్పింది. దీన్ని చూపించి ‘పాస్‌పోర్టుకే అక్కర్లేనిది ఇంకెక్కడ కావాలి?’ అనే సలహాదారులు పెరిగారు. ఆ సడలింపు దేశీయ దత్తతలకు. విదేశంలో పుట్టిన పిల్లకు దాంతో పౌరసత్వం రాదు, ఏ పిల్లకూ దాంతో ఆస్తి హక్కు రాదు. ఇంకో సందేహం మాటల్లో చెప్పరు గానీ అసలు జంకు అక్కడే ఉంది: ఇన్ని పత్రాలు తీస్తే పిల్లకు తాను దత్తతని తెలిసిపోతుందేమో. రూపురేఖల్లోనే వేరుగా కనిపించే విదేశీ బిడ్డ దగ్గర ఈ గుట్టు ఎలాగూ దాగదు; ఊరే ముందు అడుగుతుంది. దత్తత రికార్డులు గోప్యంగా ఉంచాలని నిబంధనలు ఉన్నాయి. కలెక్టరు కార్యాలయంలో ఉన్న ఫైలు కంటే పక్కింటి అరుగు మీది మాటే ముందు పిల్ల చెవిన పడుతుంది. మన దగ్గర దత్తత ఇచ్చిన పిల్లలు మూలాలు తెలుసుకోవడానికి పద్దెనిమిది నిండాక స్వయంగా, అంతకుముందు పెంచిన తల్లిదండ్రులతో కలిసి దరఖాస్తు చేసుకోవచ్చు. అంటే పిల్లకు నిజం తెలుస్తుందన్న అంచనాతోనే నిబంధనలు రాశారు.

ఈ పనులకు లాయరు ఫీజు భరించలేనివారు 1987 న్యాయ సేవల అధికార చట్టం 12వ సెక్షన్ గుర్తుంచుకోవాలి. స్త్రీలకు, పిల్లలకు ఆదాయ పరిమితి లేకుండా ఉచిత న్యాయ సహాయం దొరుకుతుంది. పొలం ఉన్న ఇల్లాలికైనా సరే. స్థానిక కోర్టులోని న్యాయ సేవల కమిటీని అడగండి, లేదా 15100కు ఫోన్ చేయండి. తల్లి తన పేరిట, పిల్ల పేరిట దరఖాస్తు పెట్టాలి. వెళ్లేటప్పుడు దత్తత ఉత్తర్వు, అపోస్టిల్ వేయించిన జనన ధ్రువపత్రం, పిల్ల పాస్‌పోర్టు, వీసా పేజీ, తల్లిదండ్రుల భారత పాస్‌పోర్టులు పట్టుకెళ్లండి. ఆధార్ ఇంట్లో ఉంచినా ఫర్వాలేదు.