వెనక నిలబడే ఆటగాడు

ఫుట్‌బాల్‌లో గోల్ కొట్టినవాడికే చప్పట్లు. గోల్ పడకుండా అడ్డుకునేవాడిని డిఫెండర్ అంటారు. అతని పేరు ఎవరికీ గుర్తుండదు. అలాంటి ఒక ఆటగాడి గురించి తెలుసుకుందాం.

స్టీవ్ చెరుండోలో 1979లో అమెరికాలో పుట్టాడు. శాన్ డియేగో నగరంలో పెరిగాడు. పోర్ట్‌లాండ్ యూనివర్సిటీలో చదువుతూ ఆడేవాడు. 1999లో, 19 ఏళ్ళ వయసులో, జర్మనీ వెళ్ళి హానోవర్ 96 క్లబ్బులో చేరాడు. దేశం కొత్త, భాష కొత్త. క్లబ్బేమో రెండో డివిజన్‌లో ఉంది. ఇతని ఎత్తు 5 అడుగుల 6 అంగుళాలే! అయినా కుడివైపు కాపలా ఇతనిదే.

2002లో క్లబ్బు మొదటి డివిజన్‌కు ఎక్కింది. అదే ఏడు ప్రపంచ కప్‌కు అమెరికా జట్టులో ఎంపికయ్యాడు. కానీ గాయం వల్ల ఒక్క మ్యాచి కూడా ఆడలేకపోయాడు. ఎంత బాధ! ఐనా ఆట వదల్లేదు. 2006, 2010 ప్రపంచ కప్పులలో ఆడాడు. హానోవర్‌కు కెప్టెన్ అయ్యాడు. 2014లో ఆట విరమించేదాకా, అంటే 15 ఏళ్ళు, అదే క్లబ్బు. అక్కడివాళ్ళు "హానోవర్ మేయర్" అని ముద్దుగా పిలిచేవారు. తర్వాత కోచ్ అయ్యి, 2022లో లాస్ ఏంజెలిస్ జట్టును అమెరికా లీగ్‌లో గెలిపించాడు.

కాబట్టి సాయంత్రం ఆటలో "నువ్వు వెనక ఉండు" అంటే అలగకండి. అది కూడా ఆటే!